పరిగె బియ్యం

అమ్మ సౌదీ ఉద్యోగం ముగిసి, శాశ్వతంగా తిరిగి రావడానికి ఫైనల్ ఎగ్జిట్ ఖాయమైన వారం, సామాను సర్దడంలో సాయపడడానికి నేను జుబైల్ వెళ్ళాను. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన మనిషి వంటింట్లో సామాను అంత తక్కువగా ఉంటుందని నేననుకోలేదు. రెండు కుక్కర్లు, పిడి ఊగే పెనం, ఊరి నుంచి తెచ్చుకున్న చిన్న రాతి రోలు, ఆవకాయ వాసన వదలని జాడీలు మూడు. పైఅరలో కారం సీసాల వెనక ఒక పాలపొడి డబ్బా చేతికి తగిలింది. రంగు వెలిసి, అంచున తుప్పు పట్టి ఉంది. దాని నడుమున గాయాలకు అంటించే తెల్లని ప్లాస్టర్ ముక్క, దాని మీద నీలి సిరాతో రెండు మాటలు: దేవుని గుప్పెడు. ఆ చేతిరాత అమ్మది కాదు.

“దీన్ని పారెయ్యనా అమ్మా?” అన్నాను, అది ఏమిటో తెలిసి కూడా.

“మూత తీసి చూసి చెప్పు, పారేస్తావో లేదో” అంది అమ్మ, చీరలు మడతపెడుతూ, నా వైపు చూడకుండానే.

సగం దాకా బియ్యం ఉన్నాయి. సన్నని సోనామసూరి, పొడుగాటి బాస్మతి, గుండ్రటి ఈజిప్టు బియ్యం, అన్నీ కలిసి. ఆ కలగలుపును చూసి నేను వంటింటి నేల మీదే కూర్చుండిపోయాను. నాకింకా ముప్ఫై నిండలేదు. జ్ఞాపకాలు రాసుకోవలసిన వయసు కాదని తెలుసు. అయితే అలసటకు వయసుతో నిమిత్తం లేదు. కాలేజీ వక్తృత్వ పోటీల్లో గెలిచిన వాదనలన్నీ నేను మరిచిపోయాను గాని, జుబైల్‌లో ఒక కోతపండుగ నాడు గెలిచిన వాదన మాత్రం ఇప్పటికీ నా మీద బరువుగానే ఉంది.

మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో ఆ ఆచారం ఎప్పటి నుంచి ఉందో నాకు తెలియదు. అన్నానికి బియ్యం కొలిచి గిన్నెలో పోశాక, కడిగే ముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కన ఉన్న డబ్బాలో వేస్తారు. ఇంట్లో బస్తా నిండుగా ఉన్నా, అడుగున సోల గీరుకుంటున్నా ఆ గుప్పెడు తీయవలసిందే. మా నాయనమ్మ ఆ గుప్పెడు తీసేటప్పుడు పెదవులు కదిపేది. ప్రార్థనో లెక్కో చెప్పేది కాదు. ఆదివారం ఆ బియ్యం గుడికి, అంటే మా ఊరి చర్చికి, వెళ్ళేవి. కోతపండుగకు మొదటి పనలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, అరటిగెలలు తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవారు. ఆరాధన అయ్యాక చెట్టు కింద వేలంపాట. ఎవరు తెచ్చిన గుమ్మడికాయను వాళ్ళే పంతానికి పాడి ఎక్కువ ధరకు తిరిగి కొనుక్కోవడం, చిన్నప్పుడు సెలవులకు ఊరెళ్ళినప్పుడు చూసి నేను నవ్వేదాన్ని. మనదే మనం కొనుక్కోవడమేమిటని అడిగితే, “దేవుడి చెయ్యి తగిలొచ్చిందే, అందుకు” అనేది నాయనమ్మ.

జుబైల్‌లో పొలాలు లేవు. సముద్రం ఉంది, ఇసుక ఉంది, పగలూ రాత్రీ ఆరని మంట నెత్తిన పెట్టుకున్న పొగగొట్టాలు ఉన్నాయి. తాగే నీరు కూడా సముద్రంలోంచి ఉప్పు తీసి ఇచ్చిందే. అక్కడ నా చిన్నతనమంతా వారపు సెలవైన శుక్రవారాల చుట్టూ తిరిగింది. దేవదానం అంకుల్ ఇంట్లో, బయట ఆరాధనకు అనుమతి లేదు గనుక తెరలు మూసిన హాల్లో, పాతిక కుటుంబాలు కూడేవి. ఆయన ఒక కంపెనీలో కాగితాల ఫైళ్ళు చూసే ఉద్యోగి. మాకు మాత్రం ఆరాధన నడిపే అయ్యగారూ ఆయనే, పెద్దా ఆయనే. పాటలు పెదవుల మీదే పాడేవాళ్ళం, చప్పట్లు ఉండేవి కావు. అత్తరు, చెమట, ఎండిన గొంగళి వాసన వేసే తివాచీ, వంటింట్లోంచి యాలకుల టీ మరుగుతున్న వాసన. ప్రార్థన అంటే నాకు ఇప్పటికీ ఆ నాలుగూ కలిసిన గాలి. వాకిలి పక్కన, చెప్పుల స్టాండు దగ్గర, మూత ఉన్న తెల్లని ప్లాస్టిక్ బకెట్ ఒకటి ఉండేది. వచ్చేవాళ్ళు వాళ్ళ వారపు గుప్పెళ్ళను అందులో పోసి లోపలికి వచ్చేవారు. ఒక్కో ఇంట్లో ఒక్కో రకం బియ్యం గనుక బకెట్‌లో అన్నీ కలిసిపోయేవి. ఆరాధన ముగియగానే ఆడవాళ్ళు అందరినీ టీకి వంటింట్లోకి పిలిచేవారు. అంత పెద్ద హాలు ఖాళీగా వదిలి, ఆ ఇరుకు వంటింట్లో మోచేతులు తగులుకుంటూ, గోడ వైపు తిరిగి టీ తాగడం నాకు ఎప్పుడూ వింతగానే ఉండేది. అడగవలసిన ప్రశ్న అదొక్కటే. నేను అదొక్కటీ అడగలేదు.

కోతపండుగ అక్కడ కూడా జరిగేది, చలి మొదలయ్యే రోజుల్లో. బాల్కనీ కుండీలో పెరిగిన కరివేపాకు కొమ్మ, ఒక పొట్లకాయ, ఇంట్లో చేసిన రొయ్యల పచ్చడి, ఖర్జూరాల పెట్టె. వేలంపాట గుసగుసలో సాగేది, ఎందుకంటే పక్కింట్లో వినబడకూడదు. ప్రభాకర్ బ్రదర్ పాట పాడించేవాడు. ఆయన తాడేపల్లిగూడెం వైపు మనిషి, క్రేన్ ఆపరేటరు. పనిలో చేతి సైగలు అలవాటు కాబట్టి వేలం కూడా వేళ్ళతోనే నడిపేవాడు. కరివేపాకు కొమ్మ కోసం ఇద్దరు పెద్ద మనుషులు నోరు మెదపకుండా వేళ్ళు చూపించుకుంటూ పోటీ పడడం, పక్కనున్న ఆడవాళ్ళు కొంగు నోట కుక్కుకుని నవ్వడం, ఇవి మా పండుగ శబ్దాలు. ఆ వేలం చివర, బకెట్‌లో మిగిలిన బియ్యాన్నీ వేలం వేసి, వచ్చింది ఊరి గుళ్ళకు పంపేవారు.

పదో తరగతి తరువాత నన్ను గుంటూరు హాస్టల్లో చేర్చారు. డిగ్రీ అయ్యేనాటికి నేను మూడు వక్తృత్వ కప్పులతో, ప్రతి మాటకూ ఆధారం అడిగే అలవాటుతో, విజిట్ వీసా మీద తిరిగి వచ్చాను. వచ్చేసరికి శుక్రవారపు హాలు సగం ఖాళీ. కుటుంబాల మీద లెవీ వచ్చిన రోజులవి. భార్యకూ పిల్లలకూ తలకింత అని కట్టవలసి రావడంతో, ఒక్కొక్క ఇల్లూ ఖాళీ అయి, మగవాళ్ళు క్యాంపు గదుల్లోకి మారిపోతున్నారు. నితాఖత్ అంటూ కంపెనీలకు రంగులు వేశారు. సౌదీ ఉద్యోగులు తగినంత మంది లేని కంపెనీ ఎరుపులో పడితే, అందులోని పరాయి దేశస్థుల ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, రెన్యువల్ కాదు. ఇఖామా లేకపోతే ఆసుపత్రి లేదు, బ్యాంకు లేదు, ఉద్యోగం మారడం లేదు, చివరికి ఇంటికి పోవడానికి ఎగ్జిట్ కూడా లేదు. ప్రార్థన విన్నపాల్లో జబ్బుల స్థానంలో రంగుల పేర్లు వినబడేవి.

ఆ దినాల్లోనే దేవదానం అంకుల్‌ను అడిగాను. “మనం ఇక్కడ విత్తలేదు, కొయ్యలేదు. సూపర్‌మార్కెట్‌లో కొన్నది తెచ్చి కోత అర్పణ అనడం నటన కాదా అంకుల్?”

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “పొలం ఉన్నోడికి పంట తనదేనని ఒక భ్రమ ఉంటదమ్మా. అది వదిలించడానికే మొదటి పన తెమ్మన్నాడు దేవుడు. మనకా భ్రమ ఏనాడో పోయింది. ఏడాదికోసారి వాళ్ళు ఉండమంటే ఉంటన్నాం. ఈ పండగ మనకన్నా బాగా ఇంకెవరికి అర్థమవుద్ది?”

“మరి ఇఖామా రాని వాళ్ళ సంగతేమిటి? వాళ్ళకు దేవుని పోషణ ఏదీ?”

ఆయన అద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. “దానికి జవాబు నా దగ్గర లేదు తల్లీ” అన్నారు. “బియ్యం ఉన్నాయి.”

దాన్ని నేను ఓటమి ఒప్పుకోలుగా తీసుకున్నాను. పోటీల్లో అలాంటి జవాబుకు మార్కులు ఉండవు.

అమ్మా, నాన్నా, నేనూ రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. మా పైన, మూడో అంతస్తులో, సుందరం అంకుల్, కరుణమ్మ ఆంటీ. ఆయన ఫ్యాక్టరీలు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనుల్లో పరంజాలు కట్టించే సూపర్‌వైజరు. తెనాలి దగ్గర వాళ్ళది. ఆంటీ అమ్మను వదినా అని పిలిచేది. నేను పసిగా ఉన్నప్పుడు అమ్మ డ్యూటీకి వెళితే ఆమె ఒళ్ళోనే పెరిగాను. ఆయన కంపెనీ ఎరుపులో పడి నెలలు గడిచాయి. జీతం లేదు, ఇఖామా చెల్లదు, ఆంటీ మీద లెవీ మాత్రం ఆగకుండా పెరుగుతోంది, అది కడితేగాని ఎగ్జిట్ రాదు. ఇదంతా మాకు తెలుసునని వాళ్ళకు తెలుసు. అయినా ఆ ఇంటి గుమ్మంలో ఆ మాట రాకూడదన్నది ఎవరూ రాయని నియమం. శుక్రవారం ఆయన ఇస్త్రీ చొక్కాతోనే వచ్చేవాడు. ఆమె చేతిలో వారపు గుప్పెళ్ళ పొట్లం ఉండేది.

పండుగకు వారం ముందు, అమ్మ ఇచ్చిన గిన్నె తిరిగి తేవడానికి పైకి వెళ్ళాను. “భోజనం టయానికొచ్చి వట్టి చేతుల్తో పోతావేంటే, కూర్చో” అని కంచం పెట్టింది ఆంటీ. టమాటా చారు, అప్పడం. అన్నం కలుపుతుంటే చేతికి తేడా తెలిసింది. కొన్ని మెతుకులు మెత్తగా చిదిమిపోతున్నాయి, కొన్ని పొడుగ్గా విడివిడిగా ఉన్నాయి, కొన్ని నడుమ పలుకుతో గట్టిగా తగులుతున్నాయి. అది ఏ దుకాణంలోనూ దొరకని బియ్యం. లోకంలో ఒక్క బకెట్‌లో మాత్రమే ఉన్న బియ్యం. ఆంటీ నా కంచం వైపు చూసింది. “చారు పోసుకో, దిగుద్ది” అంది. తలవంచుకుని తిన్నాను గాని, నాలోని వక్త అప్పటికే లేచి నిలబడింది. చేతికి సాక్ష్యం దొరికింది.

పండుగనాడు ఆరాధన అయింది, గుసగుసల వేలం మొదలైంది. చివర ప్రభాకర్ బ్రదర్ బకెట్ ఎత్తాడు. ఒక చేతికే లేచి వచ్చేసరికి కనుబొమలు ఎగరేశాడు.

“ఏంటండీ ఇది, పోయినేడు ఇద్దరం పడితేగాని లేవలేదు. సంఘం మొత్తం డైటింగు చేస్తన్నారా, లేకపోతే బకెట్టుకి చిల్లా? దేవుడికంటే ముందే ఎవరికో ఆకలేసినట్టుందండి.”

అందరూ నవ్వారు. ఆయన మనసులో ఏమీ లేదు, ఆ నవ్వుల్లోనూ లేదు. అమ్మ వెంటనే అందుకుంది. “ఎండాకాలం సగం మంది ఊళ్ళకి పోయారుగా బ్రదర్. వంటలే లేకపోతే గుప్పెళ్ళెక్కణ్ణించొస్తాయి? కానివ్వండి, టీ చల్లారిపోతంది.”

అమ్మ అబద్ధమాడడం నేను అంతకుముందు వినలేదు. నేను లేచాను.

“చిల్లు లేదు బ్రదర్, ఎండాకాలం కారణం కూడా కాదు” అన్నాను. “ఆ బియ్యం వెళ్ళవలసిన చోటికే వెళుతున్నాయి. పొలం అంచులు పూర్తిగా కోయవద్దనీ, రాలిన పరిగె ఏరవద్దనీ, అవి పేదవాడికీ పరదేశికీ విడవమనీ బైబిల్లో ధర్మశాస్త్రం చెబుతోంది. మన మధ్యనే జీతం లేక, ఇఖామా లేక ఉన్న ఇల్లు ఉంది. సుందరం అంకుల్ వాళ్ళింట్లో ఈ కలిసిన బియ్యమే వండారు, నేను తిన్నాను. దీన్ని వేలం వేసి ఎక్కడికో పంపడం న్యాయం కాదు. ఈ బకెట్ మొత్తం వాళ్ళకే ఇవ్వాలని నేను ప్రతిపాదిస్తున్నాను.”

వాదనలో లోపం లేదు. శాస్త్రం, ఉదాహరణ, ముగింపు, మూడూ సరిగ్గా కుదిరాయి. ఉదాహరణ లేని వాదన నిలవదని మాకు నేర్పారు. ఉదాహరణ హాల్లోనే, తలుపు పక్క వరుసలో, ఇస్త్రీ చొక్కాలో కూర్చుని ఉందన్న సంగతి నాకు తట్టలేదు.  సుందరం అంకుల్ లేచి చెప్పుల స్టాండు దగ్గరికి వెళ్ళాడు. ఒక చెప్పు దొరికింది, రెండోది వెంటనే దొరకలేదు. ఆయన వంగి వెతుకుతున్నంతసేపూ పాతిక మందిమీ తివాచీ మీది పూలను చూస్తూ ఉండిపోయాం. కరుణమ్మ ఆంటీ సంచిలోంచి పొట్లం తీసింది. మరిచిపోయానన్నట్టు, తాపీగా మూత తీసి, ఆ వారపు గుప్పెళ్ళను బకెట్‌లో పోసింది. నేను దగ్గరే నిలబడి ఉన్నాను కాబట్టి కనిపించింది. ఆ పొట్లంలోనివి కూడా కలిసిన బియ్యమే. మా దగ్గర నుంచి వెళ్ళిన ఆ పిడికెళ్ళలోంచి, ప్రతి వంటకూ ఒక గుప్పెడు తీసి, ఆమె దేవునికి తిరిగి తెస్తూనే ఉంది.

“బాగా మాట్లాడావమ్మాయ్” అంది. “మీ కాలేజీ వాళ్ళు ఊరికే ఇవ్వలేదు కప్పులు.”

తరువాతి శుక్రవారం వాళ్ళు రాలేదు. ఆ తరువాతా రాలేదు. బకెట్ నిండింది, పొంగేదాకా నిండింది.

అమ్మ నన్ను తిట్టలేదు. పండుగనాటి మధ్యాహ్నం ఇంటికి వచ్చి యూనిఫామ్ ఉతుక్కుంటూ, నా వైపు తిరగకుండా అడిగింది. “అన్నీ అడుగుతావుగా. బకెట్టు వాకిలి పక్కనే ఎందుకు పెడతారో అడిగావా? హాలంతా ఉంటే వంటింట్లో నిలబడి టీ ఎందుకు తాగుతామో అడిగావా?”

 అడిగేసరికే నాకు తెలిసిపోయింది: మేము గోడ వైపు తిరిగి ఉంటే, బకెట్‌లోంచి ఎవరు తీసుకెళ్ళారో ఎవరికీ కనబడదు. పొలం అంచు వదిలిన యజమాని, ఎవరు వచ్చి కోసుకున్నారో చూడడానికి గట్టు మీద నిలబడడు. దేవుడు పరిగె విడిచిపెట్టమన్నాడే గాని, పిలిచి చేతికివ్వమని ఆ ధర్మంలో ఎక్కడా లేదు. ఏరుకునేవాడు తన చేతులతో ఏరుకుంటాడు. వెళ్ళేటప్పుడు ఎవరికీ దండం పెట్టనక్కరలేదు. మా ఆడవాళ్ళు ఆ చట్టాన్ని చదవకుండానే ఆ ఇరుకు వంటింట్లో, గోడ వైపు తిరిగి, టీ గ్లాసులతో అమలు చేస్తున్నారు. నేను చదివి, ఉదహరించి, కూల్చేశాను.

దిద్దుకుందామని మరుసటి రోజే ఒక బస్తా బియ్యం మోసుకుని పైకి వెళ్ళాను. ఆంటీ నవ్వుతూ తీసుకుంది, మంచినీళ్ళిచ్చింది, కూర్చోమని మాత్రం అనలేదు. ఆ సాయంత్రమే బిల్డింగ్ హారిస్, అంటే కాపలా ఉండే బంగ్లాదేశ్ ముసలాయన, మెట్ల దగ్గర నాకు సలాం పెట్టాడు. “ఊపర్‌వాలీ మేడమ్ నే చావల్ దియా, పూరా బోరీ” అని, పైనింటావిడ బియ్యం బస్తా మొత్తం ఇచ్చేసిందని మురిసిపోయాడు. నేను ఇచ్చిన బస్తా అలాగే కుట్లు విప్పకుండా ఆయన గదిలో ఉంది.

అప్పుడు అమ్మ, డాబా మీద బట్టలు ఆరేసే చోటికి వెళ్ళే మెట్లలో, మా అంతస్తుకూ వాళ్ళ అంతస్తుకూ నడుమ మలుపులో, బకెట్‌లోంచి నింపిన పాలపొడి డబ్బాను పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం ఒక ఆజ్ఞ: పైన తలుపు చప్పుడైతే నువ్వు లోపలికి రా. ఎన్నో రోజులు డబ్బా కదలలేదు. మూత మీద సన్నని ఇసుక పేరుకుంది. పైనుంచి కుక్కర్ కూత వినబడిందా లేదా అని అమ్మ డ్యూటీ నుంచి వచ్చి చెవి ఒగ్గి వినడం నేను చూసేదాన్ని. నాన్న అన్నం దగ్గర కూర్చుని లేచిపోయిన రోజులున్నాయి. నేను చేసింది ఏమిటో ఆ మూత మీది ఇసుక నాకు ప్రతి రోజూ చెప్పేది. విజిట్ వీసా పొడిగింపు కోసం బహ్రెయిన్ వంతెన దాటి తిరిగొచ్చిన రోజున, బట్టలు తేవడానికి పైకి వెళితే, డబ్బా కడిగి, తుడిచి, బోర్లించి ఉంది. అమ్మకు చెప్పాను.  అమ్మ స్టవ్ మీద టీ పెట్టింది.

మళ్ళీ నింపింది. మూడోసారి డబ్బా తిరిగొచ్చినప్పుడు అది వట్టిది కాదు. అడుగున ఒక గుప్పెడు బియ్యం ఉన్నాయి. నడుమున తెల్లని ప్లాస్టర్ ముక్క అంటించి, ఆంటీ చేతిరాతలో రెండు మాటలు: దేవుని గుప్పెడు. అప్పటిదాకా అది మా ఇంటి డబ్బా. ఆ రోజు నుంచి మాది కాదు. అలా కాకపోతే ఆమె తీసుకోగలిగేది కాదు. అలా అయ్యాక తీసుకోవడంలో తప్పు లేదు. ఎన్ని గంటలు వాదించినా నేను చేరలేని ముగింపుకు ఆమె ఒక ప్లాస్టర్ ముక్కతో చేరింది.

లేబర్ ఆఫీసు చుట్టూ సుందరం అంకుల్ తిరిగిన తిరుగుడు ఎండలు ముదరక ముందే ఫలించి, లెవీ బాకీ తీరి, ఎగ్జిట్ దొరికింది. వెళ్ళే రోజు ఆంటీ డబ్బా పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. పండుగ తరువాత ఆమె మా ఇంటికి రావడం అదే మొదలు.

“ఇది దేవుడిది వదినా, నేను మోసుకుపోకూడదు” అని అమ్మ చేతికిచ్చింది. తరువాత నా వైపు తిరిగింది. “ఆ రోజు మా ఇంట్లో అన్నం తిన్నావు చూడు. నిజం చెప్పు, ఉడికిందా?”

 “కొన్ని మెతుకులు ఉడకలేదు ఆంటీ” అన్నాను.

ఆమె నవ్వింది. “నువ్వు చచ్చినా అబద్ధమాడలేవే. ఎట్టా బతుకుతావో ఏంటో” అంది. నా చెంప మీద చెయ్యి వేసి తీసింది. అది క్షమించడమో కాదో నేను ఇన్నేళ్ళుగా తేల్చుకోలేదు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో కాలేజీ పిల్లలకు వాదించడం నేర్పుతాను. ఆకలి మీద, వలస మీద, హక్కుల మీద పిల్లలు చక్కగా మాట్లాడతారు. ఉదాహరణకు పేరు చెప్పబోతే ఆపుతాను, ఎందుకని వాళ్ళడిగితే సరిగ్గా చెప్పలేకపోతాను. ఈ ఊళ్ళో ఇచ్చేవాళ్ళు ఇప్పుడు ఫోటో తీసుకుని ఇస్తారు, పుచ్చుకునేవాళ్ళు ఫోటోలో నవ్వుతారు. అది తప్పని వాదించే ఓపిక కూడా నాలో తగ్గింది. జుబైల్ వదిలి దేవదానం అంకుల్ వెళ్ళిపోయారు. ప్రభాకర్ బ్రదర్ వెళ్ళిపోయాడు. నాన్నకూ ఉద్యోగం పోయి, తిరిగి వచ్చి రెండేళ్ళయింది. అక్కడ శుక్రవారం కూడేది ఇప్పుడు కొద్దిమంది నర్సులు, క్యాంపు కుర్రాళ్ళు. కోతపండుగ ఒక ఫోన్ కాల్‌లో అయిపోతోంది. దేవుని పోషణ గురించి నేనడిగిన ప్రశ్నకు జవాబు నాకూ దొరకలేదు. డబ్బా మాత్రం ఆగలేదు. డ్యూటీ దిగిన నర్సులు వాళ్ళ గుప్పెళ్ళు తెచ్చి అమ్మకు ఇస్తూనే ఉన్నారట.

సామానంతా కట్టేశాక, దమ్మామ్ విమానాశ్రయానికి కారు రావడానికి గంట ఉందనగా, అమ్మ డబ్బాను నా చేతికిచ్చింది. “మెట్ల మలుపులో పెట్టిరా.”

“పైన ఎవరుంటున్నారమ్మా ఇప్పుడు?”

“నాకేం తెలుసు” అంది.

పెట్టి వచ్చాను. మూసిన తలుపు వెనక, సామాను లేని వంటింట్లో, మిగిలిన రెండు గ్లాసుల్లో అమ్మ టీ పోసింది. గోడ వైపు తిరిగి తాగాం. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది, ఆగింది, మళ్ళీ వినబడింది. కారు వచ్చాక పెట్టెలు పట్టుకుని బయటకు వచ్చాం. మా గుమ్మం దగ్గర నిలబడి కాస్త తల పైకెత్తితే ఆ మలుపు కనిపిస్తుంది. అమ్మ ముందు దిగింది. నేను ఆమె వెనకే, మెట్లు చూసుకుంటూ దిగాను.